ఎరుపంటే ఎంత?

పోయిన సెమిస్టర్‌లో నా సెకండ్ హ్యాండ్ సైకిల్‌కి టైరు మార్చాల్సి వచ్చింది. పాత టైరు మీద 26 అని చూసి, షాపులో "ఇరవై ఆరు ఇవ్వన్నా" అన్నాను. హాస్టల్‌కొచ్చి గంటసేపు కుస్తీ పట్టినా అది రిమ్ము ఎక్కలేదు. తప్పు షాపు అన్నది కాదు, అట్ట చదవని నాది.

26 అంగుళాల టైర్లన్నీ ఒకటి కాదు. 26 × 1.75 అని ఉంటే 559 మిల్లీమీటర్ల రిమ్ముకి. 26 × 1 3/8 అని ఉంటే 590 రిమ్ముకి. నాది 590, తెచ్చింది 559. అందుకే టైరు మీదా అట్ట మీదా 47-559 లాంటి జంట అంకె కూడా వేస్తారు. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. ఏ కంపెనీ టైరైనా దీని అర్థం మారదు.

రంగుల సంగతి అలా కాదు. రోడ్ సైకిల్ రేసర్లు బూటు కింద బిగించుకునే క్లీట్లనే తీసుకోండి. పెడల్ మీద పాదం ఎన్ని డిగ్రీలు అటూ ఇటూ తిరగగలదో క్లీట్ రంగు చెబుతుంది. షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ క్లీట్లలో ఎరుపు 0, నీలం 2, పసుపు 6. లుక్ కంపెనీ కియో క్లీట్లలో నలుపు 0, బూడిద రంగు 4.5, ఎరుపు 9. అదే ఎరుపు ఒకచోట పాదాన్ని కదలనివ్వదు, ఇంకోచోట అన్నిటికన్నా ఎక్కువ కదలనిస్తుంది! మోకాలికి కాస్త వెసులుబాటు కావాలనుకునేవాళ్ళు రంగు నమ్మి కొంటే అంతే సంగతులు. మన భాషలో చెప్పాలంటే, రంగు లోకల్ వేరియబుల్. ఆ కంపెనీ దాటితే దాని విలువ చెల్లదు.

ఇంకో చిక్కుంది. నా రూమ్మేట్‌కి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు. చక్రం వంకర తీయడానికి స్పోకు నిపుల్స్ తిప్పే పార్క్ టూల్ రెంచ్‌లలో ఆకుపచ్చది 3.30 మి.మీ., ఎర్రది 3.45. చిన్న నిపుల్‌కి పెద్ద రెంచ్ పెడితే మూలలు అరిగిపోతాయి. అందుకే వాడు రంగు జోలికి పోడు, ప్యాకెట్ మీద అంకె చదువుతాడు.

సమాచారాన్ని రంగుతో మాత్రమే చెప్పకూడదని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో ఉంది. పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ, ఎందుకో వాణ్ణి చూశాకే అర్థమైంది. రంగు డబ్బాని త్వరగా వెతికిపెడుతుంది. డబ్బులిచ్చే ముందు మాత్రం అంకె చదవండి.