చిన్న జరిమానా – పెద్దలు తెలుసుకోవలసిన సంగతులు

బెల్లం మార్కెట్‌తో పేరొందిన అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. అంతకు ముందే, 2013లో, ఆ పట్టణ పురపాలక సంఘం మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమయింది. అందువల్ల అక్కడ పారిశుద్ధ్య వ్యవహారాలు చూసేది నగరపాలక సంస్థ అయితే, వీధిలో అల్లరి చేసినవారిపై కేసు పెట్టేది జిల్లా పోలీసు శాఖ. ఎదిగిన కుమారుడు ఒక రాత్రి స్నేహితులతో కలిసి అల్లరిలో చిక్కుకున్నాడని కబురు వస్తే, ఏ ఊళ్లోనైనా తల్లిదండ్రుల నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఎంతడిగితే అంత కట్టేసి ఇంటికి వచ్చెయ్యి." ఆ మాట వెనుక భయం ఉంది, పరువు గురించిన ఆందోళన ఉంది. అయితే ఆ సొమ్ము దేని కింద కడుతున్నామో, కట్టినందువల్ల చట్టం దృష్టిలో ఏమవుతుందో తెలియకుండా ఆ సలహా ఇవ్వరాదు.

మారిన చట్టం

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. తాగిన మత్తులో బహిరంగంగా చెడుగా ప్రవర్తించినవారికి పాత శిక్షాస్మృతిలో జరిమానా 10 రూపాయలకు మించేది కాదు. కొత్త సంహిత 355వ సెక్షన్ దానిని 1,000 రూపాయల వరకు పెంచింది. 24 గంటల వరకు సాధారణ ఖైదు విధించే వీలును అలాగే ఉంచి, సమాజ సేవ విధించే వీలు కూడా కల్పించింది. ప్రజలకు ఇబ్బంది కలిగించే పనులకు 292వ సెక్షన్ కింద జరిమానా 200 నుండి 1,000 రూపాయలకు, దారికి అడ్డు తగిలినందుకు 285వ సెక్షన్ కింద 200 నుండి 5,000 రూపాయలకు పెరిగింది. ఇవన్నీ గరిష్ఠ పరిమితులు మాత్రమే. ఎంత కట్టాలో నిర్ణయించేది మేజిస్ట్రేట్.

ఒప్పుకోవడమంటే ఏమిటి?

ఇంగ్లండులో 2001 నాటి చట్టం ప్రకారం చిన్నపాటి అల్లరికి పోలీసులే స్థిరమైన జరిమానా చీటీ ఇస్తారు. 21 రోజుల్లో సొమ్ము కట్టాలి, లేదా విచారణ కోరాలి. అక్కడ కట్టినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్లు కాదు. మన పద్ధతి వేరు. 5,000 రూపాయలకు మించని జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలలో, నాగరిక్ సురక్షా సంహిత 229వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లకుండానే సొమ్ము పంపవచ్చు. కాని దానితో పాటు నేరాన్ని అంగీకరిస్తున్నట్లు రాసి పంపాలి. ట్రాఫిక్ చలానాను రాజీ పద్ధతిలో చెల్లిస్తే ఆ వ్యవహారం అంతటితో ముగుస్తుంది. ఈ రెండూ ఒకటి కావు.

కాబట్టి చేతికి వచ్చిన కాగితంలో ఏ సెక్షన్ ఉందో ముందుగా చదవండి. తప్పు చేయకపోతే విచారణ కోరే హక్కు ఉంది. స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, తక్కువ ఆదాయం గలవారికి 1987 నాటి చట్టం కింద ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లవాని వ్యవహారం బాలల న్యాయ మండలి ముందుకు వెళ్లాలి.

సమానమే, కాని భారం?

వెయ్యి రూపాయలు వ్యాపారికి ఒక పూట ఖర్చు, కూలీకి కొన్ని రోజుల కూడు. ఫిన్లండ్ 1921 నుండి రోజువారీ ఆదాయాన్ని బట్టి జరిమానా లెక్కిస్తోంది. మన దేశంలో కేవలం జరిమానాకే తగిన నేరంలో 5,000 రూపాయల లోపు సొమ్ము కట్టలేకపోతే, రెండు నెలల వరకు సాధారణ ఖైదు విధించవచ్చు. అందుకే పేదవారు తమ స్థితిని మేజిస్ట్రేట్‌కు విన్నవించుకోవాలి.

ధనరూపంలో దండన విధించవచ్చునా అన్న విషయంలో మన ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) దానికి అనుమతించారు. హనఫీ పండితులు అనేకులు అంగీకరించలేదు. ఆ వంకతో అధికారులు ప్రజల సొమ్ము కాజేస్తారన్నది వారి భయం. ఆ భయం నేటికీ సహేతుకమే. రసీదు లేకుండా చేతులు మారిన సొమ్ము జరిమానా కాదు, లంచం. దానిని పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ పాపమే.

దారిలో కూర్చునేవారు దారి హక్కులు నెరవేర్చాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఇతరులకు బాధ కలిగించకపోవడం వాటిలో ఒకటి. జరిమానాతో కోర్టు లెక్క తీరుతుంది. నిద్ర చెడిన పొరుగువారి లెక్క మిగిలే ఉంటుంది. కుమారుడు నిజంగా తప్పు చేసి ఉంటే, మరునాడు ఉదయం తండ్రి అతణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటి గడప దగ్గరకు వెళ్లాలి. క్షమాపణ కుమారుని నోటితోనే చెప్పించాలి.