ఆరామ శబ్దము - ఉద్యాన వర్ణనము

ప్రబంధ పాఠము చెప్పునపుడు ఉద్యాన వర్ణనము వచ్చినంతనే పుటలు త్రిప్పివేయుట మన తరగతులలో పరిపాటియైనది. చెట్ల పేర్ల పట్టికయే కదా యని విద్యార్థియు, పరీక్షకు రాదు కదా యని అధ్యాపకుడును దానిని విడిచెదరు. నేనును చాలకాలము అట్లే చేసితిని. ఆ విడుపువలన కావ్యమునందు మనము కోల్పోవునది యేమో ఒక్క శబ్దము నాధారముగా గొని విచారింతము.

ఆ శబ్దము 'ఆరామము'. ఆరామమనగా కృత్రిమ వనమని అమరకోశము చెప్పుచున్నది. అనగా మనుష్యుడు నాటి పెంచిన అడవి. దీనికి మూలము 'రమ్' ధాతువు. క్రీడించుట, ఆనందించుట దాని ప్రసిద్ధార్థము. 'వి' అను ఉపసర్గ చేరినపుడు ఆగుట, విశ్రమించుట అను అర్థము కలుగును. విరామ శబ్దమే యిందుకు సాక్షి. 'ఆరాముగా కూర్చున్నాడు' అను వాడుకలోని మాట మనకు పారసీకమునుండి వచ్చినది. అదియు ఈ ధాతు కుటుంబమునకే చెందినదని భాషాశాస్త్రజ్ఞులందురు. వేడుక, ఊరట అను రెండును ఇట్లు ఒకే మూలమునం దిమిడియున్నవి.

బౌద్ధ భిక్షువులు వర్షాకాలమున ఒకచోట నిలిచియుండుటకు తోటలు దానములుగా లభించినవి. శ్రావస్తియందు అనాథపిండికుడు బుద్ధునకు సమర్పించిన జేతవనము అట్టిది. క్రమముగా తోట పేరు నివాసమునకే చెల్లి 'సంఘారామము' అను మాట యేర్పడినది. అమరారామము, ద్రాక్షారామము మొదలగు పంచారామముల పేళ్లలో ఈ శబ్దము ఆంధ్రదేశమున నేటికిని వినబడుచున్నది.

ఇక కావ్యములకు వత్తము. దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనలలో ఉద్యాన విహార మొకటి. ఆలంకారికులు ఉద్యానమును శృంగారమునకు ఉద్దీపన విభావముగా గ్రహించిరి. ఉద్దీపనము భావమును పుట్టింపదు. ఉన్న భావమును ప్రజ్వలింపజేయును. కావుననే ప్రియునితో గూడిన నాయికకు ఇంపైన కోయిల కూత విరహిణికి ములుకగుచున్నది. తోట మారలేదు, వచ్చిన మనస్సు మారినది.

ఇందుకు సుందరకాండకు మించిన నిదర్శనము లేదు. రావణుని అశోకవనము పూచిన చెట్లతో నిండినది. పేరునందే శోకము లేదు. అయినను సీతకు ఆ వనమున రవంతయు ఊరట లేదు. ఆమెకు ఊరట శింశుపా వృక్షముపైనుండి హనుమంతుడు వినిపించిన రామకథవలన కలిగినది. పిదప అతడు వనమును ధ్వంసము చేసియు, సీత యున్న తావును మాత్రము విడిచిపెట్టెను. ఆ వనమున ఆరామమనదగినది అంతమాత్రమేనని నా తలంపు.

దీనికి ఎదురుగా ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుని తోటను నిలిపి చూడుడు. శ్రీవిల్లిపుత్తూరున ఆ భక్తుడు స్వామికి మాలలు కట్టుటకై పూదోట పెంచెను. అతనికి తోట విహారస్థలము కాదు, కైంకర్యము. గోదాదేవి లభించినది ఆ తులసివనముననే. అంతఃపురపు వనము ఈయజాలని ఆనందమును పాదుచేసి నీరుపోసిన చేతులు పొందినవి.

కాబట్టి ఉద్యాన వర్ణనము చదువునపుడు చెట్లను లెక్కించుటతో ఆగరాదు. ఈ తోటకు వచ్చినవారెవరు? ఏ మనస్సుతో వచ్చిరి? ఏమి పొంది మరలిరి? ఈ మూడు ప్రశ్నలు వేసినచో పొన్న, పొగడ, సంపెంగ మొదలగు పేర్లు పట్టికగా మిగులవు. పాత్ర హృదయమును కొలుచు గుర్తులగును. మనము త్రిప్పివేయుచున్నది ఆ హృదయమున్న పుటనే.