భూకంపములు - మన గోడలు

కిల్లారి గ్రామమును పాఠకులు మఱచియుండరు. 1993వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున, వినాయక నిమజ్జనము ముగించుకొని నిద్రించుచున్న జనముపై వారి యిండ్లే కూలినవి. లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో ఇంచుమించు పదివేలమంది మరణించిరి. లోకమందలి మహాభూకంపములలో దానికి లెక్క లేదు. దాని పరిమాణము ఆఱుకు కొంచెము పైమాటయే. అంతమాత్రపు కదలికకు అంత జననష్ట మేల కలిగెను? శిథిలములను పరీక్షించిన యింజనీర్లు గోడలవైపే వ్రేలు చూపిరి. రెండు వరుసలుగా రాళ్లు పేర్చి, నడుమ రాతిముక్కలును మట్టియు నింపి, రెండు మూరల దళసరిగా లేపిన గోడలవి. ఇల్లు చల్లగా నుండుటకై కప్పుమీద మట్టి మందముగా పఱచియుండిరి. నేల యూగినంతనే గోడ రెండుగా చీలినది. కప్పు తన బరువుతో క్రిందికి దిగినది. తాతలనాటి లోగిలి ఏనుగువలె నిలిచియున్నదని గర్వించు పెద్దలు మన పల్లెలలో ననేకులు గలరు. ఏనుగు కాళ్లవంటి గోడలే కిల్లారిలోను ఉండెను.

ఈ శాస్త్రమునకు మన దేశముతో సంబంధము పాతది. 1897 జూన్ 12న అస్సామును నేలమట్టము గావించిన భూకంపమును భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన ఓల్డ్‌హాం దొర విచారించి, దూరదేశములందలి యంత్రములు గీసిన రేఖలలో మూడు విధములైన తరంగములను వేఱుపఱచి చూపెను. మొదట వచ్చునది త్రోయు తరంగము. వెనుక వచ్చునది ఊపు తరంగము. నేల పైపొర వెంబడి ప్రాకి వచ్చునది మూడవది. భూమి నడుమనుండి పోవు తరంగములు ఆలస్యముగా చేరుటనుబట్టి, భూగోళమునకు లోపల వేఱొక గర్భము కలదని 1906లో ఆయనయే నిర్ణయించెను.

నూతిలో రాయి వేసి చప్పుడునుబట్టి లోతు చెప్పుట మన రైతులకు క్రొత్త గాదు. హిమానీనదముల లోతును కనుగొను పద్ధతియు నట్టిదే. మంచుపై చిన్న మందుగుండు ప్రేల్చిన, ఆ కంపము మంచులో సెకనుకు నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువ వేగమున పోయి, అడుగుననున్న బండను తాకి మరలి వచ్చును. ఆ కాలమును కొలిచిన మంచు మందము తెలియును.

మంచు విఱిగిపడునపుడు తానే కంపమును పుట్టించును. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండమున చమోలీ జిల్లాలో రోంటీ శిఖరమునుండి బండయు మంచును కలిసి రెండుకోట్ల డెబ్బది లక్షల ఘనమీటర్లు జాఱి ఋషిగంగలో పడెను. ఆ వఱదలో రెండువందలకు పైగా జనులు మరణించిరి, లేదా జాడ తెలియక పోయిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఆ ప్రాంతమున నెలకొల్పిన యంత్రములలో ఆ జాఱుపాటు మాత్రమే గాక, లోయవెంట దిగిన ప్రవాహపు కంపమును నమోదైనది. ఆ వ్రాత నాక్షణమే చదివి దిగువనున్న కూలీలకు కబురంపు ఏర్పాటు మాత్రము లేకుండెను. అట్టి ఏర్పాటు సాధ్యమేయని శాస్త్రజ్ఞులు పిమ్మట వ్రాసిరి.

వఱదకు కబురు పనిచేయును. భూకంపమునకు గోడయే దిక్కు. ఇదియు క్రొత్తగా కనుగొన్న సంగతి గాదు. 1931లో బలూచిస్థానమున మాచ్‌వద్ద భూకంపము రాగా, రైల్వే ఇంజనీరు ఎస్. ఎల్. కుమార్ అను యువకుడు పాత యినుపపట్టాలను గోడలలో బిగించి, క్వెట్టాలో ఉద్యోగులకు వసతిగృహములు కట్టించెను. 1935 మే 31న క్వెట్టా నగరము ధ్వంసమై వేలకొలది జనులు మరణింపగా ఆ యిండ్లు నిలిచినవి. భూకంపభయము ఏయే ప్రాంతములకెంతయో చూపు దేశపటమును ఆయన అప్పటికే 1933లో ప్రకటించియుండెను. కిల్లారి కూలుటకు అఱువది యేండ్లకు ముందటి మాట యిది!

తెలుగునేలకు భయము లేదనుకొనుట పొరపాటు. ఒంగోలు ప్రాంతము 1967లోను, భద్రాచల ప్రాంతము 1969లోను కంపించినవి. రాతియింటికి ద్వారబంధములపైని చుట్టును తెగని కాంక్రీటు పట్టీ యొకటి, గోడ వెడల్పంతయు పట్టు పొడుగురాళ్లు అక్కడక్కడ కొన్ని అమర్చిన మేలు. పట్టణములందలి మేడలకు ప్రమాదము వేఱు. క్రింది యంతస్తును బండ్లకు విడిచి, స్తంభములపై నాలుగైదంతస్తులెత్తుట నేడు పరిపాటి యైనది. 2001 జనవరి 26న కచ్ భూకంపమున, కేంద్రమునకు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న అహమ్మదాబాదులో ఇట్టి మేడలే కూలి ఏడువందలకు పైగా జనులు మరణించిరి. ఇల్లు కట్టించు పెద్దలు చలువరాతి ధర పదిచోట్ల విచారింతురు గాని, స్తంభపు కమ్ములకు చుట్టుకట్లు ఎన్ని యంగుళములకొకటి వేసిరో, వాని కొనలు లోనికి వంచిరో లేదో మేస్త్రీని అడుగుట మేమెన్నడును వినలేదు. కాంక్రీటు పోయుటకు ముందటి దినమున పోయి చూచుటకు అరగంట చాలును.