పుస్తకాల గూటిలో పొదుపు

గ్రంథాలయం స్వభావరీత్యానే పొదుపరి. నూరుమంది నూరు ప్రతులు కొనుక్కోనవసరం లేకుండా, ఒక్క ప్రతినే నూరుమంది చేతుల్లోకి పంపడం దాని పని. ఆ మేరకు కాగితమూ, సిరా, రవాణా ఖర్చూ మిగిలిపోతాయి. అయితే ఆ ఒక్క ప్రతిని కాపాడి, పాఠకునికి అందించడానికి గ్రంథాలయం ప్రతిదినమూ వినియోగించే విద్యుత్తును గురించి గాని, చల్లే రసాయనాలను గురించి గాని, పారవేసే సామగ్రిని గురించి గాని ఆలోచించేవారు అరుదు. ఈ ఆలోచనకు జంషెడ్‌పూర్ వంటి నగరం తగిన స్థలం.

1908లో సాక్చి గ్రామం వద్ద నిర్మాణం ఆరంభమై, 1912లో ఉక్కును పోతపోసిన కర్మాగారం చుట్టూ పెరిగిన నగరమిది. 1919లో దీనికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర నుండి పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. విశాలమైన వీథులు, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు, తోటలు ఉండాలని 1902లోనే జంషెడ్‌జీ తన కుమారుడు దొరాబ్జీకి లేఖ వ్రాశారు. కొలిమి పక్కన నీడ కూడా అవసరమని గుర్తించిన ఆ దృష్టి గ్రంథాలయాలకూ వర్తిస్తుంది.

ఎండ, తేమ, పుస్తకం

జంషెడ్‌పూర్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాలతో గాలి తేమగా ఉంటుంది. వేడికి కాగితం పెళుసుబారుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు పడుతుంది. ఈ రెంటికీ ఎయిర్ కండిషనరే మందని చాలామంది విశ్వాసం. కాని పగలు నడిపి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపివేసే యంత్రం పుస్తకానికి మేలు చేయదు సరికదా, కీడు చేసే ప్రమాదమున్నది. పగలంతా చల్లబడిన అట్టలపైకి రాత్రి తేమగాలి చేరి, నీరు కాగితంలోకి ఇంకుతుంది. మరునాడు మళ్లీ ఆరుతుంది. ఈ రోజువారీ ఉబ్బడం, ముడుచుకోవడం వల్ల కాగితమూ, జిగురూ సడలిపోతాయి. అంటే విద్యుత్తుకు డబ్బు చెల్లించి పుస్తకం ఆయుష్షును తగ్గించుకున్నట్లే.

దీనికి మార్గాంతరం లేకపోలేదు. అరుదైన గ్రంథాలను మాత్రం ఒక చిన్న గదిలో, సందులు లేకుండా మూసి, తేమను పీల్చే యంత్రంతో రాత్రింబగళ్లు ఒకే స్థితిలో ఉంచాలి. తక్కిన పుస్తకాలకు ధారాళమైన గాలి చాలును. బీరువాలను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో, నేలకు అంతే ఎత్తులో ఉంచితే గాలి ఆడుతుంది. పడమటి కిటికీలకు చూరో, చెట్టో నీడ కల్పిస్తే గది వేడెక్కడం తగ్గుతుంది. ఎయిర్ కండిషనర్ తప్పనిసరి అయిన చోట దానిని 24 డిగ్రీల వద్ద ఉంచడం మేలు. ఒక్క డిగ్రీ పెంచినా విద్యుత్తు 6 శాతం ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వపు విద్యుత్ పొదుపు సంస్థ అంచనా.

ఇది నూతన సిద్ధాంతమేమీ కాదు. 1940వ దశకంలో జంషెడ్‌పూర్ అభివృద్ధి ప్రణాళికను రూపొందించిన జర్మన్ వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్, ఉష్ణదేశాల కట్టడాలు గాలి, ఎండల పోకడను అనుసరించి ఉండాలని తన జీవితమంతా బోధించినవారు. ఆయన పాఠాన్ని కొత్త భవనాలు మరచిపోరాదు.

దీపాల లెక్క

నలభై ట్యూబులైట్లు గల ఒక గ్రంథాలయాన్ని ఊహించుకొందాం. పాతరకం ట్యూబు చోకుతో కలిసి సుమారు 50 వాట్లు తీసుకొంటుంది; ఎల్‌ఈడీ ట్యూబుకు 20 వాట్లు చాలు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు వెలిగితే, దీపాలు మార్చినందువల్ల మిగిలేది సుమారు 2,900 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తుకు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. ఆ లెక్కన ఏటా దాదాపు 2 టన్నుల వాయువు గాలిలో కలవకుండా ఆగుతుంది. బొగ్గు గనులకు నిలయమైన జార్ఖండ్‌లో ఈ లెక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మిగిలిన సొమ్ముతో కొత్త పుస్తకాలు కొనవచ్చును.

మందులు, జిగురు, చెత్త

చెదలు, వెండిపురుగులు గ్రంథాలయానికి ఆగర్భశత్రువులు. వాటికోసం అలమరాల్లో వేసే కలరా ఉండలలోని నాఫ్తలీన్‌ను, మానవులకు కాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాలలో ఒకటిగా అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 2002లో వర్గీకరించింది. ఆ గాలిని రోజంతా పీల్చేది గ్రంథాలయ సిబ్బందే. దుమ్ము దులపడం, తేమ చేరకుండా చూడడం, వేపాకు, వసకొమ్ము ఉంచడం పూర్వుల పద్ధతి. దానంగా వచ్చిన పాత పుస్తకాలను నేరుగా అలమరాలో చేర్చక, కొంతకాలం వేరుగా ఉంచి పరీక్షించడం అన్నిటికన్నా చవకైన రక్షణ.

చిరిగిన పుస్తకాన్ని తొలగించడం కన్న మళ్లీ బైండు చేయించడం లాభదాయకం. పాత కార్డుల వెనుకవైపు, ఒక ప్రక్క ఖాళీగా ఉన్న కాగితాలు చిత్తువ్రాతలకు ఉపయోగపడతాయి. నకళ్లు రెండువైపులా తీస్తే కాగితం సగమవుతుంది.

కంప్యూటర్ల సంగతి వేరు. అవి కాగితాన్ని మిగిల్చినా, తామే చెత్తగా మారుతాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పనికిరాని ఎలక్ట్రానిక్ పరికరాలు రిజిస్టరయిన పునరుత్పత్తి సంస్థలకే చేరాలి. సాధారణ పాతసామాన్ల బండికి కాదు. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధనాలయం ఇటువంటి పాత పరికరాల నుండి విలువైన లోహాలను తిరిగి రాబట్టే పద్ధతులపై పరిశోధనలు జరుపుతున్నది. పారవేసినది కూడా గని కాగలదని ఉక్కునగరం లోకానికి చూపుతున్నది.

కాలువపై కదిలిన పుస్తకం

చెన్నైలో 2010లో ప్రారంభమైన అన్నా శతజయంతి గ్రంథాలయ భవనం పర్యావరణహితమైన కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు పొందింది. అంతటి భవనం అందరికీ సాధ్యం కాదు. కాని తెలుగువారికి వేరొక ఆదర్శమున్నది. 1935లో పాతూరి నాగభూషణంగారి కృషితో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువపై ఒక పడవ గ్రంథాలయం నడిచింది. ఒడ్డున ఉన్న పల్లెలకు పుస్తకాలే తరలివెళ్లాయి. పాఠకులందరూ విడివిడిగా ప్రయాణించే బదులు పుస్తకమే వారి గడపకు చేరడంలో ఎంత శ్రమ, ఎంత ఖర్చు మిగులుతుందో ఆనాటి కార్యకర్తలు గ్రహించారు.

గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి వంటిదని 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ తన ఐదవ సూత్రంలో బోధించారు. పెరిగే జీవికి ఆహారం కావాలి. ఆ ఆహారం ఎక్కడి నుండి వస్తున్నదో కూడా తెలిసి ఉండాలి. గ్రంథపాలకుడు ఈ ఏడాది చేయవలసిన పని పెద్దదేమీ కాదు: గత పన్నెండు నెలల కరెంటు బిల్లులను ఒకచోట పేర్చి, ఏ నెలలో ఎందుకు పెరిగిందో చూడడం. అందులో పుస్తకాలకోసం ఖర్చయినదెంత, అలవాటుకోసం ఖర్చయినదెంత అని విడదీయగలిగితే, మార్పు అక్కడి నుండే మొదలవుతుంది.