రోజా లేని బిడ్డకూ దస్తర్‌ఖాన్‌పై చోటున్నది

రమజాన్ నెలవంక కోసం కరకట్ట ఎక్కి పడమటి దిక్కుకు చూడటం మా అలంపూర్‌లో మేము చిన్ననాటి నుండి ఎరిగిన ఆనవాయితీ. వీపు వెనుక తుంగభద్ర, ఎదుట పొద్దు గుంకిన ఎరుపు, నడుమ పిల్లల కేరింతలు. వంక కనిపించగానే పెద్దలు దుఆకు చేతులెత్తుతారు. పిల్లలు ఇళ్లకు పరుగెత్తి తల్లులకు సలాం చెబుతారు. 2023 మార్చి 23 సాయంత్రం కూడా అలాగే జరిగింది. కాని మా చిన్నబ్బాయి ఆనాడు కట్ట ఎక్కలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతనికి అప్పటికి పదమూడేళ్లు. టైప్ 1 మధుమేహం ఉన్నదని తెలిసి మూడు నెలలు మాత్రమే అయింది.

మేము ఇరవై ఆరేళ్లుగా మదర్సాలో ఫిఖ్హ్ బోధిస్తున్నాము. వ్యాధిగ్రస్తుని ఉపవాసాన్ని గురించిన అధ్యాయం ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అదే అధ్యాయం మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చినప్పుడు దానిని సరిగా చదువలేకపోయాము. ఈ లోపాన్ని పాఠక సోదరీ సోదరుల ముందు ఒప్పుకోవడం వలన ఒక్క కుటుంబానికైనా మేలు కలుగుతుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము గుర్తించని సంకేతాలు

ఆ చలికాలంలో అబ్బాయి పదే పదే నీళ్లు తాగేవాడు. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేచేవాడు. ఎంత తిన్నా బక్కచిక్కిపోయాడు. పాఠం మధ్యలోనే తల వాల్చేవాడు. మదర్సా పిల్లల ముందు మేము అతన్ని సోమరి అని మందలించాము కూడా. ఊళ్లో చూపిస్తే బలహీనత అని టానిక్ రాశారు. చివరకు వాంతులు మొదలై, ఊపిరి బరువై, నోటి నుండి మాగిన పండు వాసన వస్తుంటే కర్నూలుకు తీసుకుపోయాము. జిల్లా కేంద్రం గద్వాలే అయినా, పెద్ద జబ్బు వస్తే మా ప్రాంతం వారు నది దాటి కర్నూలుకే పోతారు. ఇంకొక రోజు ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు వచ్చేదని అక్కడి డాక్టరు అన్నారు.

ఈ వ్యాధి పెద్దలకు వచ్చే షుగర్ వంటిది కాదు. తీపి ఎక్కువ తినడం వలన రాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థయే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. అందుచేత మాత్రలతో సరిపోదు, ఇన్సులిన్‌ను బయటి నుండి ఇవ్వవలసిందే. ఇన్సులిన్ రాకముందు ఇటువంటి పిల్లలను బతికించే చికిత్సే లేదు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో దానిని మొదటిసారి పొందిన రోగి లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల బాలుడు. మరణానికి చేరువైన ఆ బాలుడు ఆ తరువాత పదమూడేళ్లు జీవించాడు. మా అబ్బాయి ఈడు పిల్లవానితోనే ఈ వైద్యం మొదలైందని తెలిసినప్పుడు, వ్యాధిని పంపిన ప్రభువు మందును కూడా పంపాడన్న విశ్వాసం మా హృదయంలో మరింత బలపడింది.

ఇరవై ఏడవ రోజా

మా ఇంట ప్రతి పండుగకూ ఒక రుచి ఉన్నది. షబె బరాత్‌కు శనగపప్పు హల్వా, రమజాన్‌లో ఖర్జూరం, దహీబడే, ఈద్‌కు షీర్ ఖుర్మా, బక్రీద్‌కు కలేజీ. ఇరుగుపొరుగు హిందూ సోదరులు ఉగాదికి భక్షాలు పంపుతారు, మేము ఈద్‌కు షీర్ ఖుర్మా పంపుతాము. ఆ ఏడు ఉగాది మార్చి 22న వచ్చింది. పక్కింటి అమ్మ భక్షాలు తెచ్చి, గుమ్మంలోనే ఆగి, "బాబు తినవచ్చునా, తినకూడదా?" అని మెల్లగా అడిగింది. ఆమె అడిగినది నిజంగా అతని మేలు కోరే ప్రశ్న. రమజాన్ మొదలైన తరువాత బంధువులు, మసీదులో పెద్దలు, తోటి పిల్లలు అడిగిన ప్రశ్న వేరు. "రోజా ఉన్నావా?"

మా అబ్బాయికి తొమ్మిదేళ్ల వయసున రోజా ఖుషాయి జరిగింది. కొత్త బట్టలు, మెడలో పూలమాల, బంధువులందరి దీవెనలు. ఆ తరువాత ప్రతి ఏడూ రోజాలు పెంచుకుంటూ వచ్చాడు. నిరుడు ముప్పై రోజాలు పూర్తిచేసిన పిల్లవాడు ఈ ఏడు మధ్యాహ్నం వంటింటి మూలన, సామాను గదిలో, తలుపు దగ్గరగా వేసుకొని అన్నం తినవలసి వచ్చింది. అలా తినమని మేము చెప్పలేదు. కాని అతిథులు వచ్చినప్పుడు "లోపలికి పోయి తిను" అని మాత్రం అన్నాము. పిల్లవానికి ఆ ఒక్క మాట చాలు.

ఇంకొక మాట కూడా మా నోట వచ్చింది. ఇరవై ఆరవ రోజు ఇఫ్తార్ తరువాత అతని తల్లితో, "ఇరవై ఏడవ నాటి రోజా ఒక్కటైనా వీడికి దక్కి ఉంటే ఎంత బాగుండేది" అని నిట్టూర్చాము. అబ్బాయి పక్కగదిలో ఉన్నాడన్న స్పృహ మాకు లేదు.

మరునాడు, ఏప్రిల్ 19న, అతను సహ్రీ వేళకు లేచి తిన్నాడు. మధ్యాహ్నం తల్లి ఎప్పటివలె ఇన్సులిన్ వేసి అన్నం పళ్లెం చేతికిచ్చింది. అతను దానిని పెరటిలోకి తీసుకుపోయి, బక్రీద్ కోసం పెంచుతున్న మేకకు పెట్టాడు. ఇన్సులిన్ ఒంటిలోకి వెళ్లింది, అన్నం మాత్రం వెళ్లలేదు. అస్ర్ నమాజు వేళకు హౌజ్ వద్ద వుజూ చేస్తూ వణకడం మొదలుపెట్టాడు. ఒళ్లంతా చెమట, చూపు నిలువలేదు, మాట తడబడింది. చుట్టూ చేరినవారిలో ఒకరు, "ఎండకు సొమ్మసిల్లాడు, ఇఫ్తార్‌కు ఇంకా రెండు గంటలే కదా, ఓర్చుకుంటాడు" అన్నారు. ఆ మాట విని మేమూ ఒక్క క్షణం ఆగాము. ఆ క్షణాన్ని తలచుకుంటే ఇప్పటికీ మాకు నిద్ర పట్టదు.

మా ఇల్లు మసీదుకు ఆనుకొనే ఉన్నది. కబురు అందగానే అతని తల్లి చక్కెర నీళ్ల గ్లాసుతో వచ్చింది. అబ్బాయి పెదవులు బిగించి, "అమ్మీ, రోజా పోతుంది" అన్నాడు. "ఈ రోజాకు జవాబు నేను చెప్పుకుంటాను బేటా, నువ్వు తాగు" అని ఆమె బలవంతాన తాగించింది. గ్లూకోమీటరు 41 చూపింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదమని వైద్యులు చెబుతారు. పావుగంటలో తేరుకున్నాడు. ఆ రాత్రి తరావీహ్ నుండి వచ్చాక మా పక్కన కూర్చొని, "అబ్బా, మీకు సంతోషం కలుగుతుందనుకున్నాను" అన్నాడు. మా వద్ద జవాబు లేకపోయింది.

షరీఅత్ ఏమంటున్నది?

ఉపవాసాన్ని విధించిన చోటనే దివ్యఖుర్ఆన్ వ్యాధిగ్రస్తునికి మినహాయింపునిచ్చింది. సూరా అల్ బఖరా 184, 185 ఆయతులలో ఈ మినహాయింపు రెండుసార్లు వస్తుంది. అల్లాహ్ తన దాసులకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు గాని కష్టాన్ని కోరడం లేదన్న ప్రకటన కూడా అక్కడే ఉన్నది. సౌలభ్యాన్ని స్వీకరించడం కూడా విధేయతయే. అది విశ్వాసంలో తక్కువతనం కాదు.

అబూ దావూద్ గ్రంథంలో రెండు సంఘటనలున్నాయి. మొదటిది, ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తికి స్నానం విధి అయింది. తనకు ఏదైనా సడలింపు ఉన్నదా అని అడిగితే, లేదని సహచరులు చెప్పారు. అతను స్నానం చేసి మరణించాడు. ఈ విషయం తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. అతని మరణానికి వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని బోధించారు. రెండవది, హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఎముకలు కొరికే చలిరాత్రి స్నానం చేస్తే ప్రాణాపాయమని భయపడి, తయమ్ముమ్‌తో నమాజు చేయించారు. ఆత్మహాని చేసుకోవద్దన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని కారణంగా చూపారు. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వి మిన్నకున్నారు. హౌజ్ వద్ద మేము ఆగిన ఆ క్షణంలో మొదటి గుంపు వారి పక్కన నిలబడ్డామని ఆ రాత్రి మాకు అర్థమైంది.

ఈ కాలపు పండితులు కూడా ఈ విషయాన్ని వైద్యులతో కలిసి చర్చించారు. 2009 ఏప్రిల్‌లో షార్జాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 19వ సమావేశం మధుమేహ రోగులను ప్రమాద తీవ్రతను బట్టి నాలుగు తరగతులుగా విభజించింది. మొదటి రెండు తరగతుల వారు ఉపవాసం ఉండరాదని నిర్ణయించింది. టైప్ 1 రోగులు మొదటి తరగతిలోకి వస్తారు. ఆహారం అందించని ఇంజెక్షను వలన ఉపవాసం భంగం కాదు, పరీక్ష కోసం వేలి నుండి రక్తపు చుక్క తీసినా భంగం కాదు. కనుక రోజా చెడుతుందన్న భయంతో పరీక్ష మానుకోవడం అజ్ఞానమే.

2001లో 13 దేశాలలో పన్నెండు వేలకు పైగా మధుమేహ రోగులపై జరిగిన ఒక అధ్యయనంలో, టైప్ 1 రోగులలో నూటికి 43 మంది రమజాన్‌లో కనీసం పదిహేను రోజాలు ఉన్నట్లు తేలింది. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం ఆ నెలలో వారికి సుమారు అయిదు రెట్లు పెరిగింది. అంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కొందరు వైద్యుని పర్యవేక్షణలో ఉపవాసం ఉండగలుగుతున్న మాట నిజమే. కాని ఆ నిర్ణయం వైద్యునితో కలిసి రమజాన్‌కు ముందే జరగాలి. రోజా ఉన్నవారికి చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలన్నది వైద్యుల నియమం.

విడిచిన రోజాల మాటేమిటి? పగళ్లు చిన్నవైన చలికాలంలో వైద్యుడు అనుమతిస్తే ఖజా చేయవచ్చు. కోలుకునే ఆశ లేని శాశ్వత వ్యాధి అయితే రోజుకు ఒక నిరుపేదకు భోజనం, అదే ఫిద్యా. ఎవరికి ఏది వర్తిస్తుందో తమ వైద్యుని మాటతో విశ్వసనీయుడైన ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి.

మా ఇంటి ఆనవాయితీలు మారిన తీరు

ఆ సంవత్సరం ఈద్ ఏప్రిల్ 22న వచ్చింది. అబ్బాయి కోసం అతని దాదీ చక్కెర లేకుండా వేరే గిన్నెలో షీర్ ఖుర్మా చేసింది. అతను దానిని ముట్టలేదు. "దాదీ, అందరి గిన్నెలో నుండే నాకు కొంచెం పెట్టు" అన్నాడు. తరువాత కర్నూలు డాక్టరును అడిగితే, కొలిచి తినాలని, దానికి తగినట్లు ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో నేర్పుతానని అన్నారు. అప్పటి నుండి ఇంట్లో ఒక చిన్న కటోరా అతని కొలత. ఆ కటోరాడు మాత్రం అందరితో పాటే, అందరిదే తింటాడు.

మరుసటి రమజాన్‌లో సామాను గది తలుపు మూయలేదు. వయోభారం వలన దాదీ కూడా రోజా ఉండలేదు. మధ్యాహ్నం ఆమె, మనుమడు ఒకే దస్తర్‌ఖాన్‌పై కూర్చొని తింటారు. మేము రోజాతోనే వారి పక్కన కాసేపు కూర్చుంటాము. అతిథులు వస్తే, "మావాడు అల్లాహ్ ఇచ్చిన సడలింపును పాటిస్తున్నాడు" అని మేమే ముందుగా చెబుతాము. సహ్రీకి అతనే అందరినీ లేపుతాడు. మసీదులో ఇఫ్తార్ పళ్లేలు సర్దే బాధ్యత అతనిదే. ముఫ్తీగారిని అడిగి నిర్ణయించుకున్న ఫిద్యా బియ్యాన్ని తన చేతులతోనే ఒక నిరుపేద ఇంటికి మోసుకుపోతాడు. తరావీహ్‌కు పోయేటప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం ఉంటుంది. మా ప్రాంతపు ఎండలకు ఇన్సులిన్ చెడకుండా, కరెంటు పోయిన వేళల్లో సీసాను మూత బిగించిన డబ్బాలో పెట్టి మట్టికుండలో ఉంచడం అతని అక్క నేర్చుకున్నది.

తల్లిదండ్రులకు, మసీదు పెద్దలకు మనవి

పిల్లవానికి విపరీతమైన దాహం, పదే పదే మూత్రం, బరువు తగ్గడం, అలసట కలిసి కనిపిస్తే ఆనాడే రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. చక్కెర పడిపోయి వణుకుతున్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. ఇఫ్తార్ వరకు ఆగమని ఎవరు చెప్పినా వినవద్దు.

మసీదు పెద్దలను ఒకటి వేడుకుంటున్నాము. యువకులను పదిమంది ముందు "రోజా ఉన్నావా?" అని అడగకండి. "ఎలా ఉన్నావు బేటా?" అని అడగండి. రోజా అల్లాహ్‌కు, ఆయన దాసునికి మధ్య ఉన్న విషయం. దాని లెక్క చూసుకునేవాడు ఆయనే.

ఈ ఏడు నెలవంక చూడటానికి మా అబ్బాయి అందరికంటే ముందుగా కట్ట ఎక్కాడు. మా చూపు ఇప్పుడు అంతగా ఆనదు. అతనే మా చేయి పట్టుకొని, "అబ్బా, అదిగో అక్కడ" అని చూపించాడు. మేము దుఆ చేశాము. అల్లాహ్ మన పిల్లలకు స్వస్థతను, మనకు వారిని అర్థం చేసుకునే హృదయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.