విమానయానంలో దూరం, ప్రయాణకాలం: ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో మార్గ పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండు నగరాల మధ్య దూరం తెలిస్తే ప్రయాణకాలం తెలిసినట్లేనన్న భావన విమానయానానికి పూర్తిగా వర్తించదు. దూరం, మార్గం, గాలి, గడియారం అనే నాలుగు అంశాల సంబంధాన్ని ఒక మార్గం ఆధారంగా వివరించి, యాత్రాసాహిత్య అధ్యయనంలో ఈ విచక్షణ అవసరాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మహావృత్తం, జెట్ ప్రవాహాలు, ప్రయాణకాలం, యాత్రాసాహిత్యం.

1. ఉపోద్ఘాతం:
ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. ఆయన కాశీయాత్ర చరిత్ర మజిలీల వరుసలో సాగుతుంది. నడిచిన నేలే గడిచిన కాలానికి కొలత. తెలుగులో "రెండు రోజుల దూరం" అనే వాడుక కూడా ఈ అనుభవం నుంచి వచ్చినదే. విమానయానం ఈ రెండింటినీ వేరుచేసింది.

2. అతి తక్కువ దూరం:
భూగోళంపై రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తపు చాపం. భూకేంద్రం గుండా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించగా ఏర్పడేదే మహావృత్తం. ఈ లెక్కన ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దూరం సుమారు 12,400 కి.మీ. రెండు నగరాలూ 40° ఉత్తర అక్షాంశానికి దిగువనే ఉన్నా, ఈ చాపం దాదాపు 75° దాటి ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది. చదునైన పటంలో ఇది కనిపించదు.

అయితే ఈ గీత హిమాలయాలను, టిబెట్ పీఠభూమిని దాటాలి. విమానం లోపలి గాలిపీడనం తగ్గితే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగవలసి ఉంటుంది; అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. కనుక ఆచరణలో మార్గం వంగక తప్పదు.

3. గాలి పాత్ర:
మధ్య అక్షాంశాలలో, విమానాలు ఎగిరే ఎత్తులో, జెట్ ప్రవాహాలు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ సర్వీసును అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపునకు మార్చింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కి.మీ.కు పెరిగింది, కాలం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలకు చేరింది. అంటే నేలను బట్టి సగటు వేగం గంటకు సుమారు 1,055 కి.మీ. గాలిలో విమానం స్వీయవేగం 900 కి.మీ. ప్రాంతంలోనే ఉంటుంది, మిగిలినది వెనుకగాలి ఇచ్చినది. అదే గాలి తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి అవుతుంది.

4. గడియారపు కాలం:
శీతకాలంలో రెండు నగరాల కాలభేదం పదమూడున్నర గంటలు. ఢిల్లీలో తెల్లవారుజామున 2.30కు బయలుదేరి 15 గంటలు ప్రయాణిస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీన 4.00 గంటలకు దిగుతాం. గడియారాల ప్రకారం గడిచింది గంటన్నర. శరీరం అనుభవించింది పదిహేను గంటలు.

5. ముగింపు:
కాబట్టి విమానయానంలో "దూరం" అనే ఒక్క మాట కింద మహావృత్త దూరం, ప్రయాణించిన దూరం అనే రెండు వేర్వేరు విలువలున్నాయి. "కాలం" కింద గగనయాన కాలం, గడియారాల భేదం ఉన్నాయి. అమెరికా యాత్రారచనలలోని అంకెలను పాత యాత్రాచరిత్రలతో పోల్చే పరిశోధకులు, రచయిత చెప్పినది వీటిలో ఏదో ముందుగా నిర్ధారించుకోవాలి. లేనిపక్షంలో వేగం గురించి చేసే నిర్ధారణలు నిలువవు.