ఆంగ్లవ్యాకరణమున కొన్ని తగవులు



మీ మనుమలు ఆంగ్లమున ఒక వాక్యము వ్రాసినప్పుడు, పంతులుగారు దానిక్రింద ఎర్రగీత గీచియుండుట మీరు చూచియే యుందురు. ఆ గీతలలో రెండు జాతులు గలవు. "హి గోస్" అనవలసినచోట "హి గో" అని వ్రాసిన బాలుడు తప్పు చేసినాడు. అందు వాదమునకు తావు లేదు. రెండవ జాతి గీతలు అట్టివి కావు. అవి ఇంగ్లండులోనే మూడువందల యేండ్లకు పైగా పండితులు పోట్లాడుకొనుచున్న విషయములు. ఈ భేదము తెలియని పిల్లవాడు అన్నిటికిని జంకి, కలము క్రింద పెట్టును. ముప్పది యేండ్లు బడిలో ఆ జంకును నేను ప్రతిదినమును చూచితిని. కావున నేడు ఆ రెండవ జాతిని గూర్చియే మనవి చేసెదను.

మనము "ఎవరితో" అందుము. "తో" అనునది నామమునకు వెనుక అంటియుండును. ఆంగ్లమున ఆ పని చేయు "విత్" అను మాట నామమునకు ముందు నిలుచును. అందుచేతనే దానిని ప్రిపొజిషన్, అనగా ముందుంచబడునది, అందురు. అయినను "నీవెవరితో పోతివి?" అని అడుగునప్పుడు ఆంగ్లేయుడు "హూ డిడ్ యూ గో విత్?" అని దానిని తుదకు త్రోసివేయును. 1672లో డ్రైడన్ అను కవి, తనకు పూర్వుడైన బెన్ జాన్సన్ రచనలో ఇట్టివానిని చూపి దోషమనెను. 1762లో వ్యాకరణము వ్రాసిన రాబర్టు లౌత్ కొంత మెత్తబడి, ఇది మాటలలో చెల్లును గాని గంభీరరచనకు అంతగా తగదనెను. చమత్కారమేమన, ఈ నుడికారముపై మన భాషకు మక్కువ యెక్కువ యని ఆయన చెప్పిన వాక్యమే ప్రిపొజిషనుతో ముగిసినది! తరువాతి పంతుళ్లు ఆ మెత్తదనమును విడిచి నిషేధమును మాత్రము పట్టుకొనిరి.

ఇంకొకటి. "టు గో" అను రెండు మాటల నడుమ వేరొక మాటను చొప్పింపరాదట. మన "పోవుటకు" ఒక్కటే పదము. లాటినులోను అంతే, చీల్చుటకు వీలులేదు. ఆంగ్లమున నడుమ సందు గలదు. ఆ సందున మాట పెట్టుట పదునాలుగవ శతాబ్దినాటికే కలదు. అయినను 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అను మతాచార్యుడు, డీన్ అను పదవిలోనున్నవాడు, 'ది క్వీన్స్ ఇంగ్లీష్' అను గ్రంథమున దీనిని ఆంగ్లేయులెరుగని ప్రయోగమనెను. ఆ యేడే మూన్ అనునాతడు 'ది డీన్స్ ఇంగ్లీష్' అని వ్రాసి, ఆ ఆచార్యుని తప్పులనే ఏరి చూపెను. గ్రాంథిక వ్యావహారిక వాదముల నెరిగిన మనకు ఈ రుచి కొత్తది కాదు. 1926లో ఫౌలర్ అను కోశకారుడు, అర్థము చెడుటకంటెను వాక్యము కృతకమగుటకంటెను చీల్చుటయే మేలనెను. నా మతమును అదియే.

ఈ తగవులేల తెగవు? ఫ్రెంచివారికి 1635లో భాషాపరిషత్తు ఏర్పడినది. ఇంగ్లండున స్విఫ్టు 1712లో అట్టిదానినే కోరెను, అది కలుగలేదు. వారికి పాణినియు లేడు. పాణిని గల మన సంస్కృతమున మాత్రము తగవులు లేవా? మహాభాష్యమున ఒక వైయాకరణుడు, ఈ రథమును తోలువాడెవడని సూత్రసిద్ధమైన పదముతో అడుగును. సారథి వేరొక రూపముతో బదులిచ్చును. అది అపశబ్దమని వైయాకరణుడనగా, సూత్రమువలన వచ్చునది నీకు తెలియును గాని లోకమునకు ఇష్టమైనది తెలియదని సారథి పలుకును. పతంజలి గెలిపించినది సారథినే.

అట్లని ప్రతి తగవును వట్టిది కాదు. అర్థము దానిపై ఆధారపడినప్పుడు పట్టుపట్టవలసినదే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, ఆహారపదార్థములను గూర్చిన కొన్ని పనులు చేయువారికి అదనపు గంటలకు హెచ్చుకూలి లేదని ఒక చట్టముండెను. ఆ పనుల పట్టిక తుదిని "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని యుండెను. షిప్‌మెంట్ తరువాత కామా లేదు. "పంపుటకు గాని పంచుటకు గాని మూటగట్టుట యని దీని యర్థము, మేము పంచువారమే గాని మూటగట్టువారము కాము" అని పాలలారీలు తోలువారు వాదించిరి. పంచుట పట్టికలో వేరొక పనియేనని యజమానులనిరి. కామా యున్నచో యజమానుల మాటయే నిలిచియుండును. దస్తావేజులో ఒక్క మాటకై గట్టు తగవులు పడినవారికి దీని బరువు తెలియును. 2017లో అప్పీలు న్యాయస్థానము, వాక్యము సందిగ్ధమనియు, సందేహఫలము కూలివారికే చెందుననియు తీర్పు చెప్పెను. 2018లో యాభై లక్షల డాలర్లకు రాజీ కుదిరినది. శాసనసభవారు ఆ పట్టికను తిరుగ వ్రాయించి, కామాలను నమ్మక, వాని స్థానమున సెమికోలనులను పెట్టించిరి.